చంపబడ్డారు సరే, చంపిందెవరు? ఉపవాక్యంలో దాక్కునే ఇంగ్లీషు పాసివ్

గిద్దలూరులో సెలవులకు వచ్చినప్పుడల్లా ఆదివారం పొద్దున ఎస్సీ హాస్టల్ పిల్లలు కొందరు ఇంగ్లీషు గ్రామర్ గైడ్ పట్టుకుని వస్తారు. పదో తరగతి పరీక్షలో వాయిస్ మార్చే ప్రశ్న వస్తుందని వాళ్లకు భయం. మన తరం నేర్చుకున్న వాక్యమే ఇప్పటికీ మొదటి ఉదాహరణ: ‘రామ కిల్డ్ రావణ’. దాన్ని తిప్పితే ‘రావణ వాజ్ కిల్డ్ బై రామ’. కర్త వెనక్కి పోతుంది, కర్మ ముందుకు వస్తుంది, క్రియ వేషం మారుస్తుంది. (అన్ని బళ్లలోనూ రావణుడే చస్తాడు. శంబూకుణ్ణి చంపింది కూడా రాముడే అయినా ఆ వాక్యం ఏ గైడ్‌లోనూ చూడలేదు.)

పోయినసారి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: “అన్నా, ‘బై’ తర్వాత ముక్క ఎప్పుడు తీసేయాల?” గైడ్‌లో జవాబు ఉంది. పని చేసినవాడు ఎవరో తెలియనప్పుడు, అందరికీ తెలిసినప్పుడు, చెప్పాల్సిన అవసరం లేనప్పుడు తీసేయవచ్చు. ‘దొంగ పట్టుబడ్డాడు’ అంటే చాలు, పట్టుకున్నది పోలీసులేనని వేరే చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. “అవసరం లేదని ఎవరు చెప్తారు?” అంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం. మన మీద జరిగిన దాడుల గురించి ఇంగ్లీషులో రాసే వాక్యాల్లో పాసివ్ ఎక్కడ కూర్చుంటుంది, అక్కడ కూర్చుని ఏం చేస్తుంది, కోర్టు దాకా వెళ్లేసరికి దాని ఖరీదు ఎంత? విద్యార్థులకు ఇది గ్రామర్. నిజనిర్ధారణ నివేదికలు, పిటిషన్లు, పత్రికా ప్రకటనలు రాసే కార్యకర్తలకు రోజువారీ పనిముట్టు.

ముందు ఒక వాక్యం తీసుకుందాం. ఇది నేను కల్పించినదే, కానీ దీని అన్నదమ్ములు మీకు రోజూ పత్రికల్లో కనబడతారు: ‘ద కలెక్టర్ విజిటెడ్ ద విలేజ్ వేర్ సిక్స్ దళిత్స్ వర్ కిల్డ్ అండ్ అనౌన్స్‌డ్ కాంపెన్సేషన్.’ ఆరుగురు దళితులు చంపబడిన ఊరిని కలెక్టర్ సందర్శించి నష్టపరిహారం ప్రకటించారు.

ఈ వాక్యంలో కర్త కలెక్టర్. ఆయన చేసిన పనులు రెండు: వచ్చారు, ప్రకటించారు. రెండూ కర్తరి క్రియలే, చేసిన మనిషి కనబడుతున్నాడు. ఆరుగురి హత్య ఎక్కడుంది? ‘ఊరు’ అనే మాటకు విశేషణంగా, ‘వేర్’తో మొదలయ్యే ఉపవాక్యంలో ఉంది. ఆ ఊరు ఏ ఊరో గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాలు లాగా. చెరువు ఉన్న ఊరు, రైల్వే స్టేషన్ ఉన్న ఊరు, ఆరుగురు చంపబడిన ఊరు.

పాసివ్ ప్రధాన వాక్యంలో ఉన్నప్పుడు అంత ప్రమాదం లేదు. ‘సిక్స్ దళిత్స్ వర్ కిల్డ్’ అని ఒక్క ముక్క రాసి చుక్క పెట్టండి. చదివే ఎవరైనా వెంటనే అడుగుతారు: ఎవరు చంపారు? ఆ వాక్యం చెప్పే కొత్త సంగతి అదే కాబట్టి మనసు దాని మీదే నిలబడుతుంది, ఖాళీ కనబడుతుంది. అదే ముక్కను ఉపవాక్యంలోకి దించితే మనసు ప్రధాన వాక్యం మీదకు పోతుంది. కలెక్టర్ ఎంత ప్రకటించారు? ఎప్పుడిస్తారు? చంపిందెవరన్న ప్రశ్న నోటిదాకా రాదు.

దీన్ని పరీక్షించే తేలిక పద్ధతి ఒకటుంది. వాక్యం మొత్తాన్ని కాదనండి. ‘కలెక్టర్ ఆ ఊరికి రాలేదు’ అన్నా ఆరుగురు చంపబడ్డ సంగతి అలాగే ఉంటుంది. ‘వచ్చారా?’ అని ప్రశ్నగా మార్చినా ఉంటుంది. ఇలాంటి ఉపవాక్యం చెప్పే విషయం వాదనకు దొరకదు, ఒప్పుకున్న సంగతిగా నేపథ్యంలోకి పోతుంది. భాషాశాస్త్రంలో దీన్ని పూర్వభావన అంటారు. అంటే ఇక్కడ పరదాలు రెండు. పాసివ్ చంపినవాణ్ణి తీసేస్తుంది. ఉపవాక్యం, వాణ్ణి తీసేశారన్న సంగతినే కనబడకుండా చేస్తుంది. పాసివ్ గురించి హెచ్చరించే పుస్తకాలు చాలావరకు మొదటి పరదా దగ్గరే ఆగిపోతాయి. నా లెక్కలో రెండోదే ఎక్కువ పని చేస్తుంది.

ఇంగ్లీషు ఉపవాక్యాలు చాలా రకాలు. పాసివ్ అన్నిట్లో ఒకేలా ప్రవర్తించదు. ‘హూ’, ‘విచ్’, ‘వేర్’తో వచ్చే విశేషణ ఉపవాక్యం పైన చూశాం. దీనికే పొట్టి రూపం ఒకటుంది. ‘ద యూత్ హూ వాజ్ బీటెన్’ అనడానికి బదులు ‘ద యూత్ బీటెన్ ఇన్ ద క్లాష్’ అంటారు. ‘హూ వాజ్’ పోయింది. అంటే ఇది పాసివ్ అని చెప్పే ‘వాజ్’ కూడా పోయింది. వాయిస్ మార్చే లెక్కలు ఎన్ని చేసినా ఈ రూపం పిల్లలకు పాసివ్‌గా తట్టదు, ఎందుకంటే గైడ్ వాళ్లకు ‘వాజ్’, ‘వర్’ చూసి గుర్తుపట్టమని నేర్పింది. హెడ్డింగుల్లో, ఫొటోల కింద రాతల్లో ఎక్కువగా ఉండేది ఈ పొట్టి రూపమే.

‘ఆఫ్టర్’, ‘వెన్’, ‘వైల్’తో వచ్చే కాలసూచక ఉపవాక్యాల కథ వేరు. ‘ఆరుగురు చంపబడిన తర్వాత ఊళ్లో ఉద్రిక్తత నెలకొంది’ అనే వాక్యంలో వార్త ఉద్రిక్తత. హత్య దానికి కాలసూచిక, గడియారంలో ముల్లు లాంటిది. ఉద్రిక్తత కూడా తనంత తాను నెలకొంది, ఎవరూ నెలకొల్పలేదు.

దీని తిరగేసిన రూపాన్ని టోనీ ట్రూ అనే పరిశోధకుడు చూపించాడు. 1975 జూన్‌లో రొడీషియా, అంటే నేటి జింబాబ్వే, రాజధాని సాలిస్‌బరీలో నల్లజాతి జనం మీద పోలీసులు కాల్పులు జరిపి పదకొండు మందిని చంపారు. ఆ వార్తను బ్రిటిష్ పత్రికలు ఎలా రాశాయో ట్రూ వాక్యం వాక్యంగా విడగొట్టాడు. ఆ పరిశీలన 1979లో రోజర్ ఫౌలర్, ఆయన సహచరులు తెచ్చిన ‘లాంగ్వేజ్ అండ్ కంట్రోల్’ పుస్తకంలో ఉంది. ఒక పత్రిక హెడ్డింగులో పోలీసులే కర్త, వాళ్లే కాల్చారు. ఇంకో పత్రికలో అల్లరి చేస్తున్న నల్లవాళ్లు ముందుకొచ్చారు, పోలీసులు ‘బై’ తర్వాతికి పోయారు. కింద వార్తలోకి వెళితే చావు ప్రధాన వాక్యంలో పాసివ్‌గా ఉంటే, పోలీసులు కాల్పులు జరపడం ‘వెన్’ అనే ఉపవాక్యంలోకి దిగింది. అంటే ‘పోలీసులు కాల్చి చంపారు’ కాదు, ‘పోలీసులు కాల్పులు జరిపినప్పుడు పదకొండు మంది చనిపోయారు’ అన్న తీరు. కాల్పులకూ చావులకూ మధ్య ఉన్న కారణ సంబంధం కాల సంబంధంగా మారిపోయింది. అబద్ధం ఒక్కటీ లేదు.

‘దట్’ ఉపవాక్యం కోర్టులకు, పోలీసులకు ఇష్టమైనది. ‘ఇట్ ఈజ్ అలెజ్డ్ దట్ హి వాజ్ అబ్యూజ్డ్’. ఇందులో పాసివ్‌లు రెండు, ఒకదాని కడుపులో ఒకటి. తిట్టింది ఎవరో లేదు, ఆరోపించింది ఎవరో కూడా లేదు. నేరం చేసినవాడితో పాటు సాక్ష్యం చెప్పినవాడు కూడా మాయమయ్యాడు. గూడెం నుంచి ఒక మనిషి ధైర్యం చేసి, స్టేషన్ మెట్లెక్కి, ఫలానా ఆయన ఫలానా మాట అన్నాడని చెబితే, ఆ ధైర్యం ‘ఇట్ ఈజ్ అలెజ్డ్’ అనే మూడు మాటలయింది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఇవన్నీ కావాలని రాస్తారా? కొందరు రాస్తారు. కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు ఇది కుట్ర కాదు, సౌకర్యం. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయే దారిలోనే ఆ జారుడు ఉంది.

మన వైపు ఒక ఊరి తల్లి ఇచ్చిన ఫిర్యాదు నా దగ్గరకు వచ్చింది. నిందితులు కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఇంగ్లీషులో సాగుతాయి కాబట్టి ఆమె తెలుగు ఫిర్యాదుకు ఇంగ్లీషు అనువాదం దాఖలైంది. ఒకసారి చూడమని అడిగారు. తెలుగులో ఆమె మాట దాదాపు ఇలా ఉంది: “ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ రాత్రి పూట వచ్చినారు. మావోణ్ణి బయటికి లాగినారు. కులం పేరు పెట్టి తిట్టినారు. కట్టెతో కొట్టినారు. అడ్డం పోతే నన్ను గూడా నెట్టేసినారు.”

మొదటి వాక్యంలో కర్త ఉంది: అన్నదమ్ములిద్దరూ. తర్వాత నాలుగు వాక్యాల్లో కర్త లేదు. ఉండక్కర్లేదు కూడా. తెలుగు క్రియ చివర ‘నారు’ అని ఉంది, వాళ్లేనని తెలుస్తూనే ఉంది. మళ్లీ మళ్లీ ‘వాళ్లు, వాళ్లు’ అంటే అదే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషుకు ఆ వీలు లేదు. ‘కొట్టినారు’ అన్న ఒక్క క్రియతో అక్కడ వాక్యం కాదు, ముందు ఒక కర్త కావాలి. తెలుగు వాక్యంలో కర్త కనబడని అనువాదకుడికి రెండు దారులున్నాయి. వెనక్కి వెళ్లి అన్నదమ్ముల్ని తెచ్చి ప్రతి వాక్యం ముందూ నిలబెట్టడం ఒకటి. పాసివ్ చేసేసి ముందుకు పోవడం రెండోది. రెండోదానికి పని తక్కువ. పైగా ‘ఆఫీసు ఇంగ్లీషు’ అనిపిస్తుంది.

అనువాదంలో అంతా ఒకే పొడవాటి వాక్యమైపోయింది: బయటికి లాగబడి, కులం పేరుతో దూషించబడి, కర్రతో కొట్టబడిన తన కొడుకును ఆసుపత్రికి తరలించారని ఫిర్యాది తెలిపారు. తెలుగులోకి తిప్పి చెబుతున్నాను, ఇంగ్లీషులో ఇంతకన్నా నున్నగా ఉంది. ప్రధాన క్రియ ‘తెలిపారు’. ఆసుపత్రికి తరలించడం దాని కింద ‘దట్’ ఉపవాక్యం. నేరాలు మూడూ దానికీ కింద, ‘హూ వాజ్’తో మొదలైన ఉపవాక్యంలో. అన్నదమ్ములిద్దరూ పై పేరాలో ‘వచ్చారు’ దగ్గరే ఆగిపోయారు. ఈ అనువాదం ప్రకారం వాళ్లు చేసిన నేరం రాత్రి పూట రావడం.

దీని వల్ల ఏమవుతుంది? క్వాష్ పిటిషన్లు చదివినవాళ్లకు రెండు మాటలు బాగా తెలుసు. ఒకటి ‘స్పెసిఫిక్ ఓవర్ట్ యాక్ట్స్’. ఫలానా నిందితుడు ఫలానా పని చేశాడని విడిగా చెప్పారా లేదా? రెండోది ‘ఆమ్నిబస్ అలిగేషన్స్’. అందరినీ కలిపి గుండుగుత్తగా చేసిన ఆరోపణలు. నిందితుల వకీలు మొదట పట్టుకునేది ఇక్కడే. కర్త లేని పాసివ్ ఆయన పని సగం చేసి పెడుతుంది. ఆ తల్లి విడిగానే చెప్పింది. గుండుగుత్తగా మారింది అనువాదంలో. ఈసారి సకాలంలో చూశారు కాబట్టి సరిచేసిన అనువాదం దాఖలు చేయగలిగారు. చూడనివి ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి.

అలాగని తెలుగు చాలా నిజాయితీ భాష, పాపమంతా ఇంగ్లీషుదే అనుకుంటే పొరపాటు. ‘చంపబడెను’ లాంటి ‘బడు’ క్రియలు తెలుగులో కృతకంగా ఉంటాయని మన వ్యాకర్తలు ఏనాటి నుంచో చెబుతున్నారు, నిజమే. కానీ పత్రికల తెలుగు దానికి దొడ్డిదారి కనిపెట్టుకుంది. ‘హత్యకు గురైన దళిత యువకుడు’. ‘అత్యాచారానికి గురైన బాలిక’. ‘వెలివేతకు గురైన కుటుంబాలు’. ఈ ‘గురైన’ ఉంది చూశారా, ఇది ఇంగ్లీషు ‘హూ వాజ్’కు అచ్చమైన తెలుగు జోడీ. విశేషణం, పాసివ్, రెండూ ఒకే మాటలో. హత్య ఒక వాన లాంటిది, అతను దానికి తడిశాడు. మా పడమటి ప్రకాశంలో వెలిగొండ నిర్వాసితుల గురించి రాసే ప్రతి వార్తలోనూ ‘ముంపునకు గురయ్యే గ్రామాలు’ అనే ఉంటుంది. నల్లమల సాగర్ కోసం సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్ల దగ్గర ఆనకట్టలు కట్టింది ప్రభుత్వం, నీళ్లు తెస్తామన్నదీ ప్రభుత్వమే. ఊళ్లు మాత్రం వాటంతటవే ముంపునకు గురవుతాయి. నీళ్లు రావద్దని నేననడం లేదు. ఈ నేల మీద పుట్టినవాడెవడూ అనడు. ముంచేది ఎవరో వాక్యంలో ఉంటే పునరావాసం అడగాల్సింది ఎవర్నో కూడా వాక్యంలోనే ఉంటుంది.

దానికన్నా పొట్టిదారి నామవాచకం. ‘దళితులకు శిరోముండనం’ అన్న హెడ్డింగులో క్రియే లేదు, ఇక కర్తరి ఎక్కడ, కర్మణి ఎక్కడ? తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళిత యువకుల్ని హింసించి, వాళ్లలో ఇద్దరికి గుండు గీయించిన కేసులో విశాఖపట్నం కోర్టు 2024 ఏప్రిల్‌లో ఎమ్మెల్సీ తోట త్రిమూర్తులుతో సహా నిందితులకు 18 నెలల జైలుశిక్ష వేసింది. విచారణ కోర్టు ‘ఎవరు’ అన్న ఖాళీని పూరించడానికి ఇరవై ఏడేళ్లు దాటింది. అన్నేళ్లూ అది జనం నోట ‘శిరోముండనం కేసు’గానే నలిగింది. మనం కూడా అలాగే అన్నాం. ‘కారంచేడు సంఘటన’, ‘చుండూరు ఘటన’ అనేది బయటివాళ్లే కాదు, మన కరపత్రాల్లోనూ ఉంది. ఘటనలు ఘటిస్తాయి. ఊచకోతను ఎవరో ఒకరు కోయాలి.

కారంచేడు అప్పట్లో మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. 1985 జూలై 17న కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తాగునీటి చెరువును మురికి చేస్తుంటే ఒక మాదిగ మహిళ అడ్డుకోవడంతో మొదలైంది. బతికినవాళ్లు చీరాలకు చేరి శిబిరం పెట్టారు. ఆ శిబిరం నుంచి, కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వంలో దళిత మహాసభ వచ్చింది. ఆ ఉద్యమం చేసిన ఎన్నో పనుల్లో ఒకటి, ఈ వ్యాసం కోణంలో చూస్తే, వాక్యంలో కర్తను నిలబెట్టడం. చంపినవాళ్ల కులం, వాళ్ల భూమి, వాళ్ల రాజకీయ బంధుత్వం బహిరంగంగా చెప్పడం. కేసు మెట్టు మెట్టుగా నడిచి 2008లో సుప్రీంకోర్టులో ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల జైలుతో ముగిసింది. ఆ తీర్పు చాలదని ఎవరైనా అనవచ్చు, నేనూ అంటాను. కానీ కర్త స్థానం పూర్తి ఖాళీగా మాత్రం మిగల్లేదు.

చుండూరు దగ్గర వ్యాకరణం ఆగిపోతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుని విచారణ జరిపి 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసి అందరినీ వదిలేసింది. దాని మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

ఇప్పుడు చుండూరు గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాయాలి. ‘చుండూర్, వేర్ ఎయిట్ దళిత్స్ వర్ కిల్డ్ ఇన్ 1991’ అని మొదలుపెడతాం. ‘బై’ రాయబోతే పెన్ను ఆగుతుంది. 2007లో రాయగలిగిన పేర్లను 2014 తర్వాత హంతకులని రాయలేం. ఎనిమిది మంది చనిపోలేదని హైకోర్టు అనలేదు. చంపబడ్డారు, అది నిలబడింది. ఎవరి చేత అన్నదే నిలబడలేదు. రచయిత బద్ధకం వల్లా, పత్రిక భయం వల్లా వచ్చే పాసివ్‌లను దిద్దుకోవచ్చు. ఈ పాసివ్‌ను తీర్పు రాసింది. ఇది చదివే విద్యార్థులకు ఒక మాట చెప్పాలి. ఇలాంటి చోట కర్త లేని పాసివ్‌ను కప్పిపుచ్చడానికి కాకుండా చూపించడానికి వాడండి. దాన్ని ఉపవాక్యంలోంచి బయటికి లాగి, ప్రధాన వాక్యంగా, ఒంటరిగా నిలబెట్టండి. ‘ఎయిట్ దళిత్స్ వర్ కిల్డ్. ద హై కోర్ట్ అక్విటెడ్ ఎవ్రివన్.’ ఒకటి పాసివ్, ఒకటి యాక్టివ్. మధ్యలో చుక్క. ఖాళీ ఎక్కడుందో చదివేవాళ్లకు కనబడుతుంది.

చట్టాల ఇంగ్లీషు ఈ విషయంలో పత్రికల ఇంగ్లీషుకు సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. శిక్షాస్మృతి చూడండి. సెక్షన్ తర్వాత సెక్షన్ ‘హూఎవర్’తో మొదలవుతుంది. ఎవరైతే హత్య చేస్తారో, వారు శిక్షించబడతారు. ఇక్కడ ఉపవాక్యంలో క్రియ కర్తరి, నేరం చేసినవాడు కళ్లకు కట్టినట్టు ఉన్నాడు. పాసివ్ ప్రధాన వాక్యంలో ఉంది, అది దాచింది శిక్షించేవాణ్ణి. రాజ్యం తన పేరు చెప్పుకోదు, నేరస్తుడి పేరు కోసం ఒక స్థానం సిద్ధంగా ఉంచుతుంది. మన ఫిర్యాదు ఆ ‘హూఎవర్’ స్థానంలో ఒక మనిషిని కూర్చోబెట్టాలి. పాసివ్‌లో రాసిన ఫిర్యాదుకు ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి మనిషి ఉండడు.

రాజ్యాంగం 17వ అధికరణ కర్త లేని పాసివే. అంటరానితనం రద్దు చేయబడింది, దాని ఆచరణ ఏ రూపంలోనైనా నిషేధించబడింది. ఎవరు రద్దు చేశారో లేదు, ఎవరికి నిషేధమో లేదు. నాకు ఇక్కడ ఏ అభ్యంతరమూ లేదు. అది ప్రధాన వాక్యం, దానిలో ఎవరూ దాక్కోలేదు. కర్త లేకపోవడం వల్లే అది అందరికీ వర్తిస్తుంది. రాజ్యానికి మాత్రమే కాదు, హోటల్ యజమానికి, గుడి ధర్మకర్తకు, పక్కింటివాడికి. పాసివ్ అంటేనే చెడ్డదని ఇంగ్లీషు రచనా పాఠాలు చెప్పే మాటను నేను ఒప్పుకోనిది ఇందుకే.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఇంకా ఆసక్తికరం. సెక్షన్ 3(2)(వి)లో మొత్తం బరువు ఒక చిన్న ‘దట్’ ఉపవాక్యం మీద ఉండేది: బాధితుడు ఎస్సీ, ఎస్టీ అన్న ‘కారణం చేత’ నేరం చేసి ఉండాలి. మనసులోని కారణాన్ని రుజువు చేయలేక ఎన్నో కేసులు పోయాయి. కర్నూలు జిల్లాలో 2011లో ఒక అంధ దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసులో 2021లో సుప్రీంకోర్టు అత్యాచార నేరానికి యావజ్జీవాన్ని నిలబెట్టింది, ఈ సెక్షన్ కింద శిక్షను మాత్రం రుజువు చాలదని తీసేసింది. 2015 సవరణ ఆ ఉపవాక్యాన్ని మార్చింది. ‘కారణం చేత’ పోయి ‘అని తెలిసి’ వచ్చింది. 2016 జనవరి 26 నుంచి అమలు. ఇందులో పాసివ్ లేదు, నిజమే. కానీ ‘తెలిసి’ అనే మాటకు కర్త కావాలి. ఎవరికి తెలుసు? ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు తెలుసు. ‘కులం పేరుతో దూషించబడిన’ అని రాస్తే తెలిసినవాడెవరూ మిగలరు. ఎవరు, ఏ మాట అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, ఎవరు విన్నారు, వాళ్లకు మన కులం ఎలా తెలుసు అని విడి విడి వాక్యాలు కావాలి.

అదే సవరణ సెక్షన్ 4లో పోలీసు అధికారి విధులను ఒక్కొక్కటిగా రాసింది. మొదటిదే మనకు పనికొచ్చేది. నోటితో చెప్పిన సమాచారాన్ని స్టేషన్ అధికారి రాతలో పెట్టిన తర్వాత, సంతకం తీసుకునే ముందు, ఫిర్యాదికి చదివి వినిపించాలి. ఆ ఇంగ్లీషు వాక్యంలో ‘గివెన్ ఓరల్లీ’, ‘రెడ్యూస్డ్ టు రైటింగ్’ అని రెండు పొట్టి పాసివ్‌లు ఉన్నాయి. రెండోదాని పక్కన ‘బై’ కూడా ఉంది, స్టేషన్ అధికారి చేత అని. రాసింది ఎవరో, చదివి వినిపించాల్సింది ఎవరో చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ విధుల్ని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. నమోదు చేసిన సమాచారం కాపీని వెంటనే ఇవ్వడం కూడా ఆ విధుల్లోదే.

పాసివ్ కావాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, వాటిని మరచిపోకూడదు. లైంగిక దాడికి గురైన మనిషి పేరు, గుర్తులు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. అక్కడ నిందితుణ్ణి ‘వాళ్ల బంధువు’ అని రాసినా బాధితురాలు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటప్పుడు కర్తను వెనక్కి నెట్టడం బాధ్యత. తీర్పు రాకముందు ఒక మనిషిని ‘చంపిన’ అని రాస్తే పరువునష్టం కేసు మన మీదకు వస్తుంది. కానీ దానికి మందు ‘ఇట్ ఈజ్ అలెజ్డ్’ కాదు. ఆరోపించినవాళ్లను కర్తగా పెట్టండి: ఫలానా ఫలానావాళ్లు కొట్టారని మృతుడి తల్లి పోలీసులకు చెప్పింది. ‘చెప్పింది’ అన్న క్రియకు తల్లి కర్త, ‘కొట్టారు’ అన్న క్రియకు వాళ్లు కర్త. వాక్యం న్యాయపరంగా జాగ్రత్తగానే ఉంది, ఎవరూ మాయం కాలేదు. ఇక చనిపోయినవాళ్ల గురించి రాసే వ్యాసంలో, వాళ్ల చదువు, వాళ్ల పని, వాళ్ల పిల్లల గురించి చెబుతూ వస్తున్న పేరాలో, హత్య దగ్గరకు రాగానే హఠాత్తుగా హంతకుణ్ణి కర్తగా తెస్తే పేరా అతనిదైపోతుంది. ‘హి వాజ్ కిల్డ్ బై’ అని పాసివ్‌లోనే రాసి, ‘బై’ తర్వాతి ముక్క ఉంచండి. మనిషి మనవాడిగానే ఉంటాడు, చంపినవాడూ ఉంటాడు.

ఉపవాక్యం మనకు కూడా ఆయుధమే. ఉపవాక్యంలో ఉన్నది వాదనకు దొరకదని పైన చెప్పాను కదా. శిక్ష ఖరారైన కేసుల్లో కర్తరి క్రియతో విశేషణ ఉపవాక్యం రాయండి. ‘ఆరుగురు చంపబడిన కారంచేడు’ అనకుండా ‘భూస్వాములు ఆరుగురిని చంపిన కారంచేడు’ అనండి. ఇంగ్లీషులో ‘వేర్ ల్యాండ్‌లార్డ్స్ కిల్డ్ సిక్స్’. మాటలు పెరగలేదు. ఇప్పుడు చంపింది ఎవరన్నది కూడా ఒప్పుకున్న సంగతిగా నేపథ్యంలోకి వెళ్లింది, కాదనేవాడు కష్టపడాలి.

ఆ ఆదివారం నేను నల్లబల్ల మీద కలెక్టర్ వాక్యం రాసి, ఉపవాక్యం కింద గీత గీయమన్నాను. అందరూ ‘వేర్’ దగ్గర మొదలుపెట్టి ‘కిల్డ్’ దగ్గర ఆపారు. అడిగిన అమ్మాయి మాత్రం ‘కిల్డ్’ తర్వాత కూడా రెండంగుళాలు ఖాళీ చోటు కింద గీత పొడిగించింది. ఎందుకని అడిగితే, “ఆడ ఉండాల్సింది ఉంది కదన్నా” అంది.